ఉన్నది, పలుకుతలేదు

మా పాత కాలేజీ భవనాన్ని కూలగొడుతున్నారని తెలిసి ఒకసారి చూసి వద్దామని వెళ్లాను. వెళ్లి నేను చేయగలిగిందేమీ లేదు. తెలుగు చెప్పేవాణ్ని, కూలిపోతున్న వాటి పక్కన నిలబడి నిట్టూర్చడం మా సిలబస్‌లో భాగం.

మేడ మీద కంప్యూటర్ ల్యాబు గోడ ఒక్కటి ఇంకా నిలబడి ఉంది. దాని వారన ఒక వైరు వేలాడుతోంది. వైరు చివర తెల్ల టేపు చుట్టి, దాని మీద నల్ల సిరాతో ‘దొంకేశ్వర్’ అని రాసి ఉంది. కూల్చే మేస్త్రీ కటింగ్ ప్లేయర్ పట్టుకుని సందేహంగా నిలబడ్డాడు.

“సారూ, గిది దొంకేశ్వర్‌కు పోయే లైనా? కోస్తె ఆడ కరెంటు పోతదా?”

నవ్వు రావలసిన ప్రశ్న. నేను ఆ అక్షరాలే చూస్తున్నాను. ఏమీ కాదు, కోసి ఆ ముక్క నాకివ్వమన్నాను. ఇప్పుడది నా బల్ల మీద ఉంది. నిలువెల్లా పసుపు పట్టి ఉంది. తుడవలేదు.

ఆ అక్షరాలు మా కంప్యూటర్ సారువి. ఆయన పోయాక ఆయన చేతిరాత నా కంటపడటం అదే మొదటిసారి.

ఆయన గొంతు గురించి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే తరువాత అది ఉండదు. ఆర్మూరులో మా కాలేజీ అద్దె మేడ మీద నడిచేది. కింద పసుపు గోదాము. పైన ఆయన పాఠం చెబితే కింద బస్తాలు మోసే హమాలీలకు వినిపించేది. వాళ్లలో ఒకడు ఒకసారి నన్ను మెట్ల దగ్గర ఆపి, మీ సారు చెప్పగా చెప్పగా ఫ్లాపీ అంటే ఏమిటో తనకు కూడా తెలిసిందని, కానీ దానితో ఏం చేయాలో ఇంకా తెలియలేదని అన్నాడు. అప్పటికి నా పరిస్థితి కూడా అదే.

ఆయన నిజానికి కామర్స్ మనిషి. కాలేజీకి కంప్యూటర్లు వచ్చిన రోజున స్టాఫ్‌రూంలో టైపు వచ్చిన వాడు ఆయన ఒక్కడే కావడంతో కంప్యూటర్ సారు అయిపోయారు. తరువాత రాత్రీ పగలూ చదివి నిజంగానే అయ్యారు. ఊరు దొంకేశ్వర్. రోజూ బస్సులో వచ్చి, స్టాఫ్‌రూం గడప మీద ఆగి, నమస్తేకు బదులు ఒకటే మాట అడిగేవారు.

“ఏం తెలుగు సారూ, ఉన్నవా?”

“కనిపిస్తలేనా సార్?”

“కనిపించుడు వేరు, ఉండుడు వేరు.”

నేను “ఉన్న” అనేదాకా గడప దాటేవారు కాదు. హాజరు పిలిచినప్పుడు పిల్లలు మా అందరికీ ‘ప్రెజెంట్ సార్’ అనేవారు, ఆయనకు మాత్రం ‘ఉన్న సార్’. కంప్యూటర్లను కూడా అలాగే పలకరించేవారు. మీట నొక్కే ముందు వేలి కణుపుతో తెర నెత్తి మీద రెండుసార్లు టక్ టక్ అని కొట్టేవారు, తలుపు తట్టినట్టు. అందులో ఏదో సాంకేతిక రహస్యం ఉందనుకుని నేను కూడా చాలా రోజులు కొట్టాను.

ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌ను పిలిచి చూడటాన్ని వాళ్ల భాషలో ‘పింగ్’ అంటారట. అదేమిటని అడిగితే ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

“గేటు కాడ నిలవడి ఉన్నవా అని పిలుస్తం. లోపటికెల్లి ఉన్న అని జవాబొస్తె ఆ ఇంట్ల మనిషున్నట్టు. గంతె. మిగిలిందంత పరీక్షల రాసుటానికి.”

ఒక ఏడాది కాలేజీకి కొత్త కంప్యూటర్ కోర్సు కావలసి వచ్చింది. దానికి ముందు తనిఖీ బృందం వస్తుందన్నారు. వాళ్లు రావడానికి ముందే మన దగ్గర ఉన్న నెట్‌వర్క్ ఎలా ఉందో, ఏ యంత్రం ఎక్కడుందో, ఏ వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో, వాటిలో ఏది ఎంత బాగా పని చేస్తుందో రాసి సిద్ధంగా ఉంచాలి. మా దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు. వైర్లు ఒక్కో ఏడు ఒక్కొక్కరు వచ్చి తమకు తోచినట్టు లాగి వెళ్లారు. కొన్ని గోడలోకి దూరేవి. మళ్లీ ఎక్కడ తేలేవో దేవుడికే తెలియాలి.

మా కరస్పాండెంటు పసుపు వ్యాపారి. కాలేజీ అంటే ప్రాణం. ఆయన మా ఇద్దరినీ పిలిచి, మన కంప్యూటర్ల జాలి మొత్తం కాగితం మీదికి రావాలన్నాడు. సారుకు వైర్లు తెలుసు, నాకు రాయడం తెలుసు, కాబట్టి ఇద్దరం కలిసి చేయాలి. జాలి అంటే నాకు దయ. కిటికీకి కొట్టే తీగల జాలి గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. పని మొదలుపెట్టాక మాత్రం నా మీద నాకు మొదటి అర్థమే కలిగింది.

వైర్లకు రంగులు ఉంటాయని, ఏ రంగు ఎక్కడికి పోతుందో రాస్తే చాలని నాకు ఒప్పజెప్పారు. సులువైన పని. గది గదీ తిరిగి, వంగి చూసి, ఒకటే మాట రాసుకుంటూ పోయాను. పసుపు, పసుపు, పసుపు, పసుపు. అందంగా ఒకే వరుసలో ఉన్న ఆ మాటలు ఆయన చివరిదాకా చదివారు. నన్ను ల్యాబు మూలకు తీసుకుపోయి, ఒక వైరు మీద బొటనవేలు పెట్టి గట్టిగా తుడిచారు. పసుపు కింద నుంచి నీలం బయటపడింది. పక్కది తుడిచారు. తెలుపు. ఇంకోటి తుడిచారు. బూడిద రంగు.

“తెలుగు సారూ, గిది రంగు గాదు. గిది ఆర్మూరు.”

ఆ రోజంతా తడిగుడ్డ పట్టుకుని కాలేజీలో వైర్లన్నీ తుడిచాను. పిల్లలు చూసి నాకు ప్రమోషన్ వచ్చిందనుకున్నారు.

తరువాత పేర్లు. యంత్రాలకు అంకెలు వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, పేరు లేనిదాన్ని ఎట్లా పిలుస్తామన్నారు. పిల్లలు వచ్చే ఊళ్ల పేర్లన్నీ పెట్టారు. మొదటి వరుసలో అంకాపూర్, ఎప్పుడు పిలిచినా అందరికంటే ముందు జవాబిచ్చేది. మధ్యలో డిచ్‌పల్లి, దాని దగ్గర ఆగకుండా ఏ కబురూ ముందుకు పోయేది కాదు. గోడవారన చివరిదానికి తన ఊరు పెట్టుకున్నారు. అది పని చేయడం లేదు.

డబ్బాలో నాలుగు వైర్లు కలిసే చోటు చూపించి అదేమిటో చెబుతుంటే, “అర్థమైంది సార్, ఇది సంధి” అన్నాను.

“సంధిల ఏమయితది?”

“రెండు మాటలు కలిసేటప్పుడు మధ్యన ఒక స్వరం పోతుంది సార్. అది పోతేనే అవి దగ్గరవుతాయి.”

“స్వరం పోతె దగ్గరయితయా? గమ్మతున్నది మీ సబ్జెక్టు” అని భవనం అదిరేలా నవ్వారు. కింద హమాలీ ఎవడో తల పైకెత్తి చూసి ఉంటాడు.

చివరికి యంత్రాల పరిస్థితి. నేను రెండు గళ్లు గీశాను: ఉన్నది, లేదు. ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకుని, మధ్యన ఇంకో గడి గీసి, పైన తానే రాశారు: ‘ఉన్నది, పలుకుతలేదు.’ తనిఖీకి పోయే కాగితంలో ఇలా రాయకూడదేమో, కనీసం వ్యాకరణం సరిచేద్దాం అన్నాను. నేను వ్యాకరణం సరిచేస్తే యంత్రం పలుకుతుందా అని అడిగారు.

కరస్పాండెంటుకు ఆ మధ్య గడి నచ్చలేదు. వ్యాపారి కదా, సరుకు ఉండాలి, లేకపోతే లేకపోవాలి. పలకనివన్నీ ‘లేదు’ కింద రాసి, తుక్కు కొనేవాడికి వేసి, జాగా ఖాళీ చేయమన్నాడు. కంప్యూటర్ సారు ఎవరితోనూ పోట్లాడగా నేను చూడలేదు. ఆ ఒక్క మాట మీద మాత్రం కరస్పాండెంటు ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“పలుకకపోతె లేనట్టా సార్? ఎందుకు పలుకుతలేదో మనం సూషినమా? సూడకముందే లేదు అని ఎట్ల రాస్తం?”

కరస్పాండెంటు నవ్వేసి, తనిఖీ దాకా మీ ఇష్టం అన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచి సారు దొంకేశ్వర్ వెంట పడ్డారు. వైరు పట్టుకుని వేళ్లతో తడుముకుంటూ గోడ పొడుగునా పాకారు. ఆయన వెనక నేను, టార్చి పట్టుకుని. వరండాలోకి వచ్చే చోట తలుపు సందులో పడి, తీసినప్పుడూ వేసినప్పుడూ నలిగి నలిగి లోపల తీగ తెగిపోయి ఉంది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త కొస వేసి, టేపు చుట్టి, పేరు రాసి, మళ్లీ పిలిచారు. జవాబు వచ్చింది. ఆయన నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, “ఉన్నదట” అన్నారు. అంత పెద్ద గొంతులో అంత చిన్న మాట నేను వినడం అదే మొదలు.

తనిఖీకి వచ్చిన పెద్దాయన మా కాగితాలు తిరగేసి, “అంకాపూర్ నుంచి డిచ్‌పల్లి దాకా వైరు బాగుంది, ఒకచోట అతుకు” అన్న దగ్గర ఆగి, ఇంత దూరం వైరు మీరే వేశారా, అనుమతి ఎవరిచ్చారు అని అడిగాడు. నా రచనాశైలికి ఆ ఏడు దక్కిన ఏకైక స్పందన అది. విషయం తెలిశాక ఆయన చాలాసేపు నవ్వాడు. కోర్సు వచ్చింది.

ఆ పసుపు సీజను చివర్లో సారు గొంతు బొంగురుపోయింది. అందరం దుమ్ము వల్లనే అనుకున్నాం. ఆయన కూడా, పసుపు మందే కదా, ఊరికే లోపలికి పోతోంది, ఫికర్ లేదు అనేవారు. నేను ‘స్వరభేదం’ మీద ఏదో శ్లేష వేశాను, ఆయన నవ్వారు. నవ్వు గాలిలా వచ్చింది. నిజామాబాద్ దవాఖానలో చూసి హైదరాబాద్ పంపారు. అక్కడ గొంతులో పుండు మామూలుది కాదన్నారు. స్వరపేటిక తీసేయాలన్నారు.

ఆపరేషన్‌కు ముందు రోజు నాకు ఫోన్ చేశారు. గుర్తుపట్టలేనంతగా అరిగిపోయిన గొంతు.

“తెలుగు సారూ, ఉన్నవా?”

“ఉన్న సార్.”

“గంతే. మల్ల అడుగలేను గదా అని.”

ఫోన్ ఆయన భార్య తీసుకుంది. రేపు పొద్దుననే ఆపరేషన్ అని చెప్పి పెట్టేసింది.

తిరిగి వచ్చినప్పుడు మెడకు తెల్ల దస్తీ కట్టుకుని ఉన్నారు. దాని వెనక ఊపిరి తీసుకునే రంధ్రం. స్టాఫ్‌రూం గడప మీద ఆగారు. పెదవులు కదిలాయి. శబ్దం లేదు. అందరం లేచి నిలబడ్డాం. నేను “ఉన్న సార్” అన్నాక లోపలికి వచ్చారు.

కరస్పాండెంటు మమ్మల్ని పిలిచాడు. చెడ్డవాడు కాదు. మాట్లాడినంత సేపూ మా మొహాలు చూడలేక బల్ల వైపే చూశాడు.

“సారు మీద నాకు మస్తు ఇజ్జత్ ఉన్నది. గని పాఠం జెప్పుడే మన నౌకరి. గొంతు లేనంక క్లాసుకు ఎట్ల తోలాలె?”

రోజంతా మాట్లాడి బతికేవాణ్ని నేను. ఆ గదిలో నాకు దొరికింది ఒక్క వాక్యమే, అది కూడా నాది కాదు.

“సారు ఉన్నడు, పలుకుతలేడు. గంతే గదా సార్. పలుకకపోతె లేనట్టా?”

కరస్పాండెంటు తలెత్తి నన్ను చూశాడు. ఎక్కడ విన్న మాటో గుర్తుకు వచ్చినట్టుంది. సారు చెయ్యి ముందుకు చాచి, వేలి కణుపుతో ఆయన బల్ల మీద రెండుసార్లు కొట్టారు. టక్ టక్.

“సరె, ల్యాబు సూస్కోనియ్యి. ఏడాది ఎల్లేదాక” అన్నాడు కరస్పాండెంటు, మళ్లీ బల్ల వైపు చూస్తూ.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాని తెర మీదికి చిన్న కబురు పంపే ఏర్పాటు ఆ నెట్‌వర్క్‌లో ఉండేది. సారు గోడవారన దొంకేశ్వర్ ముందు కూర్చుని, దానితో పాఠం చెప్పారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అంకాపూర్ ముందు కూర్చున్న పిల్ల తప్పు చేస్తే ఆ పిల్ల తెర మీదికే కబురు పోయేది, పక్కవాళ్లకు తెలిసేది కాదు. గంట మొదలవగానే అన్ని తెరల మీదా ఒకేసారి ‘ఉన్నవా’ అని తేలేది. గదంతా టకటకమని జవాబులు. ఆ ఏడు ఆ ల్యాబులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆయన ముందు గొంతు ఉండటమే మర్యాద కాదన్నట్టు పిల్లలు కూడా గుసగుసలే పోయేవారు.

పలకని యంత్రాల్లో ఇంకొకటి బాగుచేసి, స్టాఫ్‌రూం దాకా వైరు లాగి, నా బల్ల మీద పెట్టారు. దాని పేరు తెలుగు. మొదటి కబురు తెర మీద తేలింది.

‘స్వరం పోయింది. దగ్గరైనమా?’

టైపులో నాది ఒంటి వేలి వేగం. ‘ఐనం సార్’ అని కొట్టేలోపు గంట అయిపోయింది. ఆయన కదలకుండా దొంకేశ్వర్ ముందే కూర్చుని ఉన్నారట, అది వచ్చేదాకా.

ఏడాది వెళ్లేదాకా అన్న గడువును కరస్పాండెంటు తరువాత ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం రాలేదు. జబ్బు తిరగబెట్టింది. సారు ఊరికి వెళ్లిపోయారు.

కొన్నాళ్లు సెల్‌ఫోన్‌లో కబుర్లు రాశారు. తరువాత వేళ్లకు ఆ శక్తి కూడా లేకపోయింది. మిగిలింది మిస్డ్ కాల్. పొద్దుగూకే వేళకు నా ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయేది. టక్ టక్. నేను తిరిగి ఆయనకు రెండు మోతలు ఇచ్చి పెట్టేసేవాణ్ని. ఎత్తకూడదు, అదే నియమం. ఎత్తితే మాట్లాడాలి. మాట్లాడవలసిన అవసరం లేకుండా నేను ఇంత సుఖంగా ఎవరితోనూ మాట్లాడలేదు. సెలవు దొరికితే వెళ్లి చూసి వచ్చేవాణ్ని. చూసిన ప్రతిసారీ మనిషి కొంచెం తక్కువగా ఉండేవారు. మోత మాత్రం అంతే ఉండేది.

ఒక సాయంత్రం అది రాలేదు. నిద్రపోయి ఉంటారు అనుకున్నాను. చీకటి పడుతుంటే నేనే చేశాను. ఒకసారి మోగింది. రెండోసారి మోగుతుండగా అవతల ఎవరో ఎత్తారు.

పిలిస్తే జవాబు వస్తే ఆ ఇంట్లో మనిషి ఉన్నట్టని నేర్పింది ఆయనే. ఆ రోజు జవాబు రావడంతోనే నాకు తెలిసిపోయింది.

“సారూ,” అంది ఆయన భార్య. “దినాం గీ యాల్లకు మోగుతుండె. ఆయన ఎత్తకపోవు, నన్ను ఎత్తనియ్యకపోవు. ఇయ్యాల గూడ మోగింది. ఇగ నేనే ఎత్తిన.” కొంచెం ఆగి అంది, “జర సేపాయె సారూ. లేడు.”

ఎంతో వెతికితే గాని ‘లేదు’ అన్న మాట రాయనివ్వని మనిషి ఆయన.

మట్టి అయిపోయాక, మనుషులు పలుచబడ్డాక, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన భార్యకు చెప్పాను, ఆ మోత ఏమిటో. ఎత్తకపోవడం కోపం కాదని, అట్లా మోగితే ‘ఉన్నవా’ అని అడిగినట్టని, తిరిగి మోగితే ‘ఉన్న’ అని చెప్పినట్టని. ఆమె మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని విన్నది. ఆమెకు ఫోన్ ఎత్తడం, పెట్టడం తప్ప అప్పటికి ఏమీ రాదు. ఆయన ఫోన్ కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. నేను ఆఖరి బస్సుకు ఆర్మూరు వచ్చేశాను.

మరునాడు కాలేజీలో ల్యాబు తెరిచారు. పిల్లలు ఎవరూ దొంకేశ్వర్ ముందు కూర్చోలేదు. నేను స్టాఫ్‌రూంలో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించి, ఒకే జవాబుకు రెండుసార్లు మార్కులు వేసి, ఇంటికి వచ్చాను.

పొద్దుగూకింది. వరండాలో నిలబడి ఉన్నాను. చొక్కా జేబులో ఫోన్ ఒకసారి మోగింది. తీసి చూశాను, ఆయన పేరే. రెండోసారి మోగింది. ఆగిపోయింది.

దొంకేశ్వర్ పలికింది.